అరుగుదలకని వేసిన ఇంగువ

మా అమ్మాయికి ఒంట్లో ఏదో తేడా ఉందని నాకు తెలియాల్సిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను సంతోషపడ్డాను. ముందు ఆ సంగతి చెప్పుకోవాలి.

మేము ఆటవాకు పడమటి వైపున్న కనాటాలో ఉంటాము. ఆ ఏడు మొదటి మంచు పడిన ఉదయం, బేస్‌మెంట్‌లో పెట్టెలోంచి హర్షిత పోయినేటి స్నో ప్యాంటు తీసి ఇచ్చాను. ఇక్కడ పిల్లలకు ఏటా కొత్తది కొనాల్సిందే, పాతది చలికాలం వచ్చేసరికి చీలమండల పైకి ఎక్కిపోతుంది. హర్షికి మాత్రం కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయింది. "భలే, ఇంకో ఏడాది లాగించొచ్చు" అన్నాను. మా ఆవిడ సుజాత కాఫీ కప్పు పట్టుకుని పిల్లనే చూస్తూ నిలబడింది.

"ఇది పోయినేడు కొన్నదే కదా? మరి పిల్ల అస్సలే పెరగలేదా ఏంది?" అంది.

"మీ కరీంనగర్ వైపు పోలికలేమో, అంతా పొట్టివాళ్ళేగా" అన్నాను. ఆమె నవ్వలేదు. హర్షికి అప్పుడు పదకొండు నిండి పన్నెండో ఏడు నడుస్తోంది.

తర్వాత ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి. స్కూలు నుంచి రాగానే సోఫాలో వాలిపోవడం, నోట్లో పుళ్ళు, పాలిపోయిన మొహం. చేతులు పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం సాయంత్రానికి ఉబ్బిపోయేది. ఫ్యామిలీ డాక్టర్ చూసి, "ఈ వయసులో కొంతమంది తిండికి పేచీ పెట్టే పిక్కీ ఈటర్స్ ఉంటారు, గ్రోత్ స్పర్ట్ వస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. ఐరన్ సిరప్ రాసిచ్చారు.

పిక్కీ ఈటర్ అన్న మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే మా ఇంట్లో వంట నాది. సుజాత డౌన్‌టౌన్‌లో ఆఫీసుకు బస్సులో వెళ్ళి వస్తుంది, నేను ఇంటి నుంచే ఒక టెలికాం కంపెనీకి పని చేస్తాను. అందుకని పెళ్ళైన మూడో ఏటి నుంచీ గరిటె నా చేతికే వచ్చింది. తెనాలి వాణ్ణి. నేను పోపు వేస్తే పక్క టౌన్‌హౌస్‌లో తుమ్ములు వినపడాలి. నా వంట తిని పెరిగే పిల్ల చిక్కిపోవడమేమిటని నాకు లోపల పౌరుషం.

పౌరుషంతో పాటు వైద్యం కూడా నాదే. కడుపు ఉబ్బరంగా ఉందంటే మా ఇంట్లో చిన్నప్పుడు ఏం చేసేవారో అదే చేశాను. పల్చటి మజ్జిగలో కాస్త ఉప్పు, అర చెంచా ఇంగువ. చారులో, పప్పులో కూడా ఇంగువ కొంచెం ఎక్కువగానే వేసేవాణ్ణి, అరుగుదలకు మంచిదని. హర్షి మొహం చిట్లించుకుని తాగేది. "దట్స్ మై మెడిసిన్" అని తన ఫ్రెండుకు ఫోన్‌లో చెప్పడం కూడా ఒకసారి విన్నాను.

మార్చిలో జిమ్ క్లాసులో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. డాక్టర్ ఈసారి రక్త పరీక్షలు రాశారు. రెండు రోజులకు ఆవిడే ఫోన్ చేశారు. "హీమోగ్లోబిన్ తక్కువగా ఉంది. ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, దాదాపు లేదు. టీటీజీ అని ఇంకో టెస్టు కూడా చేయించాను, అది చాలా హై. సీలియాక్ అని నా అనుమానం" అన్నారు. గోధుమ, బార్లీ, రై లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్ళగానే ఒళ్ళు తన చిన్నపేగు మీద తానే తిరగబడుతుందట. తిన్నది ఒంటికి పట్టదట.

మా వీధిలోనే ఉండే శ్యామల ఆంటీ వచ్చి విషయం విని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "మనం అన్నం తినేవాళ్ళం కదయ్యా, గోధుమ జబ్బు మనకెందుకొస్తుంది? ఇక్కడి బ్రెడ్డు పడి ఉండదు, అంతే" అన్నారు. నిజం చెప్పాలంటే, ఆవిడ అన్నది నాకూ నచ్చింది.

పిల్లల ఆసుపత్రిలో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి రిఫరల్ పంపారు. ఎండోస్కోపీకి దాదాపు మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ లోపల గ్లూటెన్ మానేద్దామని నేను ఉత్సాహపడితే, గ్యాస్ట్రో డాక్టర్ వద్దన్నారు. "స్కోప్ అయ్యేదాకా ఆపొద్దు. ఆపితే పేగు కొంత మానుతుంది, బయాప్సీలో తేలదు. రోజూ గోధుమ తినాలి."

ఆ మూడు నెలల గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టమే. ప్రతి ఉదయం రెండు చపాతీలు కాల్చి, చుట్టి, లంచ్ బాక్సులో పెట్టేవాణ్ణి. అది లోపల ఏం చేస్తుందో తెలిసే పెట్టాను. హర్షి మధ్యాహ్నం అవి తిని, సాయంత్రం కడుపు పట్టుకుని వచ్చేది. నేను ఏం చేయగలను? మజ్జిగ కలిపేవాణ్ణి.

ఎండోస్కోపీ రోజు మత్తు ఇచ్చేముందు, "నాన్నా, విల్ ఐ టేస్ట్ ఇట్?" అని అడిగింది. గొట్టం రుచి తెలుస్తుందా అని. తెలియదమ్మా అన్నాను. తలుపు మూశాక సుజాతా నేనూ బయట కూర్చున్నాము.

బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టర్ బొమ్మలు చూపించి చెప్పారు. పేగు లోపలి గోడకు తివాచీ నూలులా సన్నటి విల్లై ఉంటాయి, ఆహారాన్ని పీల్చుకునేవి అవే. హర్షికి అవి అరిగిపోయి చదునుగా ఉన్నాయి. తర్వాత ఎడమ చేతి ఎక్స్‌రే చూపించారు, బోన్ ఏజ్ కోసం తీసినది. "వయసు పన్నెండు. ఎముకలు తొమ్మిదిన్నర. ఇది గుడ్ న్యూస్" అన్నారు.

"గుడ్ న్యూసా?" అంది సుజాత.

"ఎముకలు వెనకపడ్డాయి అంటే ఎదగడానికి టైమ్ ఇంకా ఉంది. కానీ ఆ టైమ్ ఎప్పటికీ ఉండదు. ముందు బరువు రావాలి. వెయిట్ ఫస్ట్, హైట్ లేటర్. రెండో ఛాన్స్ ఉండదు."

ఆ రోజు హర్షి బరువు ఇరవై ఏడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. నాకు ఆ అంకె తప్ప ఇంకేం కనపడలేదు.

ఇంటికి వచ్చి వంటిల్లు కడిగేశాను. చపాతీ పిండి, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బ్రెడ్, బిస్కెట్లు, సోయా సాస్ అన్నీ బయటికి పోయాయి. కొత్త పెనం, కొత్త జల్లెడ, కొత్త టోస్టర్ కొన్నాము. చపాతీ పీట మీద సుజాతకు మమకారం, అయినా తీసేసింది. డైటీషియన్ ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఆవిడ హర్షికి లేబుల్ చదవడం ఎలాగో కూడా నేర్పించారు, స్కూల్లో ఎవరైనా ఏదైనా ఇస్తే తనే చూసుకోవాలి కదా. నాకు ధైర్యం వచ్చేసింది. ఇడ్లీ, పెసరట్టు, మినప సున్ని, పులిహోర, పెరుగన్నం, ఇవేవీ గోధుమ కావు. గ్లూటెన్-ఫ్రీ అంటే తెల్లవాళ్ళకు కష్టం కానీ మనకొక లెక్కా అని ఆఫీసు కాల్స్‌లో కూడా గొప్పలు పోయాను.

ప్రతి ఆదివారం ఉదయం హర్షిని తూకం మీద నిలబెట్టేవాణ్ణి. 27.9. 28.2. అబ్బ, వచ్చేస్తోంది అనుకున్నాను. 28.0. 27.7. నెయ్యి పెంచాను, నువ్వులుండలు చేశాను, అవకాడోతో పెరుగు పచ్చడి కూడా చేశాను, క్షమించాలి. 27.9. కడుపునొప్పి మునుపటి కంటే తగ్గిందే తప్ప పోలేదు. నొప్పి వచ్చిన రోజు మజ్జిగలో ఇంగువ ఇంకో చిటికెడు పడేది.

అయిదో నెలలో హర్షి తిండి దగ్గర పేచీలు మొదలుపెట్టింది. చారు వద్దు అనేది. పప్పు పక్కకు తోసేది. పులిహోర ముట్టేది కాదు. వట్టి అన్నంలో పెరుగు కలుపుకుని, ఉడికించిన గుడ్డు పెట్టుకుని తినేది. సుజాత, "పోనీయండి, తినేదేదో తినని" అంది. నేను పోనివ్వలేదు. ఎముకల టైమ్ అయిపోతోందని నా గోల నాది. ఒక సాయంత్రం మజ్జిగ గ్లాసు సింకులో ఒంపేస్తుంటే చూశాను. గట్టిగా అరిచాను. "నీ కోసం ఇంట్లో ఇంతమంది నోరు కట్టుకుంటుంటే నీకు వేషాలా? పెరగాలని లేదా నీకు?" అన్నాను. హర్షి గ్లాసు కడిగి బోర్లించి, మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఆరు నెలలకు టీటీజీ మళ్ళీ చేశారు. తగ్గాల్సినంత తగ్గలేదు. "సమ్‌వేర్ ఇట్స్ గెటింగ్ ఇన్. ఎక్కడి నుంచో లోపలికి వెళ్తోంది" అన్నారు డాక్టర్. "ఇంపాసిబుల్" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశారు. ఇంట్లో ఉన్న ప్రతి తిండి పదార్థం లేబుల్ ఫోటో తీసి పంపమన్నారు డైటీషియన్.

శనివారం మధ్యాహ్నం ఆ పనికి కూర్చున్నాను. ఆఫీసులో కోడ్ రివ్యూ చేసినట్టు ఒక్కొక్క ప్యాకెట్టూ బల్ల మీద పెట్టి రెండు వైపులా తీశాను. హర్షి బల్ల అవతల హోంవర్క్ చేసుకుంటోంది. ఆఖరుకు పోపుల డబ్బా పక్కన ఇంగువ డబ్బా మిగిలింది. దానికి ఫోటో ఎందుకు, ఇంగువలో ఇంగువ కాక ఏముంటుంది అనుకున్నాను. ఇంజినీరు బుద్ధి కదా, మిగల్చబుద్ధి కాలేదు. తిప్పాను. చీమ తలకాయంత అక్షరాలు, కళ్ళజోడు పైకెత్తి చదవాల్సి వచ్చింది. జిగురు, గోధుమ పిండి, ఇంగువ. ఆ వరసలో. ఇంగువ మూడోది.

అరుగుదలకని. అర చెంచా. రోజూ. నొప్పి వస్తే ఇంకొంచెం.

తలెత్తితే హర్షి నన్నే చూస్తోంది. పెన్సిల్ కింద పెట్టింది.

"ఓ. యు సా ఇట్" అంది.

"నీకు తెలుసా?"

"లైక్, త్రీ వీక్స్."

"మరి చెప్పలేదేం తల్లీ?"

కాసేపు పెన్సిల్‌నే దొర్లించింది. "యు మేక్ ఇట్ ఫర్ మై స్టమక్, నాన్నా. యు వుడ్ ఫీల్ సో బ్యాడ్. సో ఐ జస్ట్ స్టాప్డ్ ఈటింగ్ ఇట్."

నాకు బాధ కలుగుతుందని. మూడు వారాలు అది వట్టి పెరుగన్నం తిని, నా చేత తిట్లు తిని, నా మొహం చిన్నబోకుండా కాపాడుకుంటూ వచ్చింది. కంచే చేను మేసిందంటే ఇదే. పిల్ల ముందు ఏడవకూడదని సింకు వైపు తిరిగాను కానీ ఆగలేదు, భుజాలు ఊగిపోయాయి. హర్షి వచ్చి నా వీపు తట్టింది. "ఇట్స్ ఓకే. ఇట్స్ రియల్లీ స్మాల్ లెటర్స్" అంది. సుజాత మెట్లు దిగి వచ్చి డబ్బా చదివి, గట్టిగా మూత పెట్టి, చెత్తబుట్టలో వేసింది.  నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలల్లో బరువు కదిలింది. 29.6. 31. ఆ తర్వాత ఆగలేదు. ఆకలి వేస్తోందని తనే వచ్చి అడిగేది, ఆ మాట కోసం నేను ఏడాదిగా ఎదురు చూశాను. అడిగిందల్లా పెట్టాను. గ్లూటెన్-ఫ్రీ కుకీలు, మఫిన్లు, వాఫుల్స్ పెట్టెల కొద్దీ తెచ్చాను. 34. 37. టీటీజీ దిగుతూ వచ్చింది. నాకు ఆదివారాలు పండగలయ్యాయి. గ్లూటెన్-ఫ్రీ పెట్టెల్లో గోధుమ బదులు ఉన్నది పిండి, చక్కెర, నూనె అని డైటీషియన్ చెప్పినా, "రానీయండి, వస్తోందిగా" అన్నాను.

కానీ ఎత్తు రాలేదు. బుగ్గలు వచ్చాయి, పొట్ట వచ్చింది, తొడలు వచ్చాయి. గోడ మీద పెన్సిల్ గీత మాత్రం వేలెడు కూడా కదల్లేదు. "ఓపిక పట్టండి" అన్నారు డాక్టర్.

ఆ మరుసటి ఏడు ఉగాదికి కమ్యూనిటీ హాల్లో అందరం కలిశాము. శ్యామల ఆంటీ హర్షి బుగ్గ పట్టుకుని లాగారు. "బొద్దుగా ముద్దుగా అయిందే బంగారం! ఇంకేం, తగ్గిపోయినట్టే. ఒక్క పూరీ తింటే ఏం కాదులే అమ్మా" అన్నారు. పూరీ సంగతి నేను అడ్డుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "పన్నెండు కేజీలు పెరిగింది ఆంటీ! ఇరవై ఏడు ఉండేది, ఇప్పుడు దగ్గర దగ్గర నలభై!" అన్నాను, పదిమందికీ వినపడేలా. అక్కడున్న అబ్బాయిలిద్దరు, హర్షి క్లాసువాళ్ళే, ఇటు తిరిగి చూశారు.

కారులో కనాటా దాకా హర్షి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గరాజ్ తలుపు లేస్తుంటే, "యు టోల్డ్ ఎవ్రీబడీ మై నంబర్" అంది. అంతే.

జూలైలో కూడా హుడీ వేసుకునేది. కంచంలో మళ్ళీ సగం సగం వదలడం మొదలైంది. ఈసారి అందులో గోధుమ లేదు, ఇంగువ లేదు. ఆదివారం తూకం తెస్తే బాత్‌రూమ్ తలుపు వేసుకుని, బయటికి రానంది. తలుపుకు ఇవతల ఆ తూకం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. లావు కావాలని ఒక డాక్టర్ చెప్పాడు, నేను మొక్కుకున్నాను, అది వచ్చింది, వచ్చినది పిల్లకు అక్కర్లేదు. ఇప్పుడు తినమని బతిమాలితే తప్పు, ఊరుకుంటే భయం. గోరుచుట్టు మీద రోకటిపోటంటారు, రోకలి కూడా నా చేతిలోనే ఉంది.

ఈ సంగతి చెప్తే డైటీషియన్ సూటిగా అన్నారు. "ఇంట్లో తూకం తీసేయండి. బరువు మాట ఆమె ముందు ఎత్తకండి. మంచిగానూ వద్దు, చెడ్డగానూ వద్దు." పెట్టెల కుకీలు తగ్గించి, ఇంటి వంటకు మళ్ళమన్నారు. ఒక కౌన్సెలర్ దగ్గరికి కూడా పంపారు.

ఇప్పుడు హర్షికి పదిహేనో ఏడు. టీటీజీ నార్మల్‌కు వచ్చింది. కడుపునొప్పి లేదు. కౌన్సెలర్ దగ్గరికి నెలకోసారి వెళ్తుంది, లోపల ఏం మాట్లాడుతుందో చెప్పదు, మేము అడగము. ఆసుపత్రిలో ఆమెను తూకం మీద వెనక్కి తిరిగి నిలబడమంటారు, అంకె ఆమెకు కనపడదు. నన్ను కూడా గది బయట ఉండమంటారు. రెండేళ్ళు ఆ అంకె కోసమే బతికినవాణ్ణి, ఈ రోజు నా కూతురి బరువు ఎంతో నాకు తెలియదు. ఎత్తు కొంచెం కదిలింది. ఇంకా ఎంత వస్తుందని అడిగితే, "టూ అర్లీ టు సే" అంటారు డాక్టర్. నా చేతిలో ఏమీ లేదు. బియ్యం కడగడం, పోపు వేయడం, కంచం పెట్టడం, అంతే.

ఇలాంటి జబ్బున్న పిల్లలున్న ఇళ్ళవాళ్ళు నన్ను ఏం జాగ్రత్త తీసుకోవాలని అడుగుతుంటారు. ఇంగువ డబ్బా తిప్పి చదవమని ఎలాగూ చెప్తాను, గోధుమ కలపనిది కూడా దొరుకుతుంది. కానీ నేను నిజంగా చెప్పదలుచుకున్నది వేరే. పోయిన వారం హర్షి వంకాయ కూర కంచంలో సగం వదిలేసింది.  లావైపోతున్నానని మానేస్తోందా, మళ్ళీ కడుపులో మొదలైందా, నేనింకేం కలిపి పెట్టానో అని మనసు నానా దారులూ పోయింది. నోటి దాకా వచ్చిన మాట మింగి, పక్కన కూర్చుని అడిగాను. "ఎందుకు వదిలేశావమ్మా?"

హర్షి నా వైపు చూసి, కంచం నా ముందుకు జరిపింది. "యు ట్రై ఇట్, నాన్నా."

పిల్ల కంచంలో ముద్ద వదిలేస్తే, తిట్టకముందు అడగండి. అడిగాక ఆ ముద్ద మీరూ నోట్లో పెట్టుకుని చూడండి. నేను పెట్టుకున్నాను. ఉప్పు రెండుసార్లు వేశాను, ఒట్టి ఉప్పుకషాయం.